నా పేరు పలికిన గొంతు

నేను ఏనాడూ అడగని అప్పులు నాలుగు నా పేరు మీద ఉన్నాయని, ఐదోది ఈ సాయంత్రానికల్లా మంజూరు కాబోతోందని, బ్యాంకులో లోన్లు చూసే ఆవిడ కంప్యూటరు తెరను నా వైపు తిప్పి చూపించింది. తెర మీద నా పేరుంది, నా పుట్టినతేదీ ఉంది, నా ఫోటో కూడా ఉంది, గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది, అందులో నేను ఏదో నేరం చేసి పట్టుబడ్డదానిలా ఉంటాను. అప్పులు మాత్రం నావి కావు. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారిపోతోంది, కుడివైపు ప్యాడ్ వదులైంది, చిన్న మరమేకు తిప్పితే సరిపోతుంది, ఇలాంటి వేళ నా కంటికి ఇలాంటివే ఆనుతాయి. "చూడండమ్మా," అంది ఆవిడ గొంతు తగ్గించి, పక్క కౌంటరుకు వినపడకుండా, "ఇవి మీవి కాకపోతే ఇప్పుడే క్రెడిట్ కంపెనీకి ఫోన్ చేసి మీ ఫైలుకి తాళం వేయించండి. తాళం పడితే మీ పేరు మీద ఎవరికీ కొత్త అప్పు పుట్టదు. కంప్లైంటు నంబరు తెచ్చి నా చేతిలో పెట్టండి, మీ షాపు లోను కాగితాలు పక్కన ఉంచుతా. ఐదు దాటితే మాత్రం తిరస్కరించక తప్పదు, నా చేతిలో ఉండదు." అడగాల్సినవి నాలో బారులు తీరాయి, ఎవరు, ఎప్పటి నుంచి, నా కార్డు వాళ్ళకెలా దొరికింది, బ్యాంకులవాళ్ళు నన్నొక మాట ఎందుకు అడగలేదు. లోపల నా మాటలు ఎప్పుడూ ఇలాగే వరదనీళ్ళలా పరుగెడతాయి, పెదాల దగ్గరికి వచ్చేసరికి ఎవరో గేటు వేసేస్తారు. బయటికి వచ్చింది "స... స..." మాత్రమే. "సరే" అని ఆవిడే అందించింది.

మాట అందించడం. నాకు నత్తి ఉందని తెలియగానే జనం చేసే మొదటి ఉపకారం అది. ఎదుటివాడు మెట్టు దిగుతుంటే చెయ్యి అందించినట్టు, మాట అందిస్తారు, అది నేను అనబోయిన మాట కాకపోయినా నేను తల ఊపేస్తాను, ఎందుకంటే కాదని చెప్పాలంటే మళ్ళీ మాట్లాడాలి. అలా తలూపి నేను తాగని కాఫీలు తాగాను, ఎక్కాల్సిన బస్సు వదిలి ఇంకో బస్సు ఎక్కాను, ఒకసారి చెప్పుల కొట్టులో నా కాలికి పట్టని జత కొనుక్కుని ఇంటికొచ్చాను, అమ్మ నవ్వి నవ్వి వాటిని తనే వేసుకుంది. ఇప్పుడు బ్యాంకు మెట్ల మీద ఎండలో నిలబడి ఫోను తీశాను. ప్రతి మనిషి వెనకా కనపడకుండా ఒక ఫైలు నడుస్తూ ఉంటుందట, ఎక్కడ అప్పు చేశాం, వాయిదా వేళకి కట్టామా ఎగ్గొట్టామా, అన్నీ అందులో పడుతుంటాయట. నాది అప్పుడే తుడిచిన కటకంలా ఉంటుందనుకున్నాను, ఎవరికీ చిల్లిగవ్వ బాకీ లేనిదాన్ని. ఆ ధైర్యంతోనే కదా నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు పెద్దాయనకి షాపు నేనే కొంటానని మాటిచ్చింది, మాట అంటే కాగితం మీద రాసి. పెద్దాయనకి చూపు మందగించింది, అందరికీ కళ్ళజోళ్ళు పెట్టినవాడు తన కళ్ళకి ఏ జోడూ చాలక షాపు వదిలేస్తున్నాడు. రేపటికి నేను కొనకపోతే ఊరంతా బ్రాంచీలున్న పెద్ద కంపెనీ కొంటుంది. వాళ్ళ మనిషి ఒకసారి వచ్చి నా వెనకగది చూశాడు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే సానచక్రం, నేను కటకం నడిమధ్య పెట్టే ఎర్ర చుక్క, ఫ్రేముకి తగ్గట్టు అంచు అరగదీసి టిక్కుమని కూర్చోబెట్టడం, అన్నీ చూసి, "ఇవన్నీ ఇక ఫ్యాక్టరీలో అవుతాయండీ, మీరు ముందు కౌంటర్లో ఉండొచ్చు, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ" అన్నాడు, వరమిచ్చినట్టు. పొద్దున్నించి సాయంత్రం దాకా, వచ్చినవాళ్ళతో, మాట్లాడుతూ. ఆ వెనకగది పోతే నాకు ఈ భూమ్మీద నోరు మూసుకుని బతకగలిగే చోటు ఇంకోటి లేదు.

"స్వాగతం," అంది క్రెడిట్ కంపెనీ మిషను. "మీ గొంతే మీ తాళంచెవి. ఈ కాల్ రికార్డు అవుతోంది. బీప్ తర్వాత మీ పూర్తి పేరు చెప్పండి." తాళంచెవి అంటే నాకు నవ్వొచ్చింది, భయంతో వచ్చే నవ్వు. నత్తి ఉన్నవాళ్ళకి అన్ని మాటల్లోకీ కష్టమైన మాట సొంత పేరే. మిగతా మాటలకి పక్కదారి ఉంటుంది, నీళ్ళు అనలేకపోతే దాహం అనొచ్చు, పేరుకి పక్కదారి లేదు. నా పేరులో మొదటి అక్షరమే గోడ. బీప్ వచ్చింది, గోడకి భుజం ఆనించి తోశాను, తోశాను, మిషను "క్షమించండి, వినపడలేదు" అంది. మళ్ళీ బీప్. బ్యాంకు తలుపులోంచి వచ్చే చల్లగాలికి మెట్టు మీద కూర్చున్న సెక్యూరిటీ మనిషి నా మెడలో నరాలు చూసి ఫోన్లో ఎవరో పోయారనుకున్నాడో ఏమో లేచి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. మూడోసారికి పేరు వచ్చింది, ముక్కలుముక్కలుగా, తలుపు విరగ్గొట్టుకుని బయటపడ్డట్టు. "క్షమించండి. మీ గొంతు మా రికార్డుతో సరిపోలడం లేదు" అంది మిషను. ఎలా సరిపోలుతుంది, అది నాది కాదుగా. రెండేళ్ళ క్రితం మెసేజీ వచ్చింది, మీ పేరుతో మోసాలు జరగకుండా మీ గొంతు నమోదు చేయించుకోండి అని. అక్క చదివి, "మంచిదే, చేయించుకోవాలి, కాలం బాలేదు" అని, చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. నేను పక్కనే పళ్ళెం ముందు కూర్చున్నాను. "నేనేనండీ మాట్లాడుతున్నాను" అంది అక్క, అని నా పేరు మూడుసార్లు చెప్పింది, గంట కొట్టినట్టు, ఎక్కడా గీత పడకుండా. నా పేరు అంత బావుంటుందని అప్పుడే తెలిసింది నాకు. దొంగలు పడకుండా ఇంటికి తాళం వేసుకుని, తాళంచెవి అక్క కొంగున కట్టేశాం. తప్పనిపించలేదు, ఎప్పుడూ చేసే పనే కనక.

ఎప్పటి నుంచో. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే పక్క తరగతిలోంచి అక్క "ఉందండీ" అని అరిచేది, మాస్టారు నాకు హాజరు వేసేవాడు. గ్యాసువాళ్ళకీ, కరెంటువాళ్ళకీ, పళ్ళ డాక్టరుకీ ఫోన్లో నేనంటే అక్కే. ఒకసారి పెళ్ళి సంబంధం వచ్చింది, అబ్బాయి ముందు ఫోన్లో మాట్లాడాలన్నాడు, అక్క నా బదులు మాట్లాడింది, ఇద్దరూ గలగలా నవ్వుకున్నారు, నేను పక్కన కూర్చుని నా నవ్వు ఎంత బావుందో అనుకున్నాను. తీరా ఎదురుపడ్డాక అతను చాలాసేపు నా మొహంలోకి చూసి, చాలా మర్యాదగా, "మీకో అక్క ఉన్నారా అండీ" అని అడిగాడు. ఈ కథ అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది. "ఒకదానికి నోరిచ్చాడు, ఒకదానికి చేతులిచ్చాడు, ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి సరిగ్గా లెక్కకొస్తుంది" అంటుంది. ఆ నోటితోనే అక్క బస్ స్టేషన్లో అనౌన్సరయింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదకి వస్తుందో చెప్పే గొంతు అక్కది. అమ్మ అప్పుడప్పుడు ఏ ఊరూ వెళ్ళే పని లేకుండా స్టేషనుకి వెళ్ళి బెంచీ మీద కూర్చుని విని వస్తుంది, పక్కవాళ్ళకి చెప్పి మరీ. "నా కూతురు చెబితేగాని ఒక్క చక్రం కదలదు" అంటుంది.

చివరికి లైన్లోకి ఒక కుర్ర గొంతు వచ్చింది. "చెప్పండి మేడమ్. మీ గొంతు మా దగ్గరున్నదానితో కలవడం లేదు."

"అ... అది నా... నాది కాదు."

"ఏది మేడమ్?"

"గొం... గొంతు."

నేనే దొంగనై ఉంటే ఇంతకన్నా చక్కగా మాట్లాడేదాన్ని. ఆ మాట అతనికి చెప్పాలనిపించింది, కాని అది పెద్ద వాక్యం. అతను పాపం ఓపికస్తుడే. పాత పద్ధతిలో ప్రశ్నలు అడుగుతానన్నాడు. చిన్నప్పుడు పెంచుకున్న జంతువు పేరేమిటి అన్నాడు. అది నాకు తెలుసు. అది బాతు. కుంటి బాతు, చేతులు వెనక్కి కట్టుకున్నట్టు రెక్కలు ముడుచుకుని వరండాలో పచార్లు చేసేది, అక్క దానికి హెడ్మాస్టరు అని పేరు పెట్టింది. గాలితో మొదలయ్యే మాటలు నాకు కాస్త తేలిక. "హెడ్మాస్టరు" అన్నాను, ఒక్క గుక్కలో, గర్వంగా కూడా అన్నాను.

"కరెక్టే," అన్నాడు అతను, సంతోషం లేకుండా. "కాని పొద్దున్న మీ పేరుతో కొత్త అప్పుకి ఒప్పుకోలు ఇవ్వడానికి ఫోన్ చేసినావిడ కూడా అదే చెప్పారు. ఆవిడకి జలుబో ఏమో, గొంతు బొంగురుపోయి మిషను ఒప్పుకోలేదు. నేనే మాట్లాడాను. అడిగినవన్నీ టకటకా చెప్పేశారు. మీ ఇద్దర్లో ఎవరు మీరో నేనెలా తేల్చను? మా సూపర్‌వైజర్‌ని అడగాలి. లైన్లోనే ఉండండి. కట్ చేశారంటే మళ్ళీ మొదటి నుంచీ."

పాట మొదలైంది, మాటల్లేని పాట, నా కోసమే చేసినట్టు. మధ్యమధ్యలో ఈ కాల్ రికార్డు అవుతోంది అని. ఫోను చెవికి ఆనించుకుని మెట్లు దిగాను, నిలబడలేకపోయాను, కాళ్ళకి ఏదో ఒక పని కావాలి. ఎవరు. ఎవరికైనా ఇచ్చానా. ఇవ్వనిదెవరికి, ఎక్కడ అడిగితే అక్కడ నా కార్డు నకలు ఇచ్చాను, సిమ్ కార్డు కొన్నచోట, కొరియరు ఆఫీసులో, ఇల్లు అద్దెకిచ్చినాయనకి, జెరాక్సు షాపులో సరిగ్గా పడలేదని పారేసిన కాపీ ఏమైందో ఎవరికి తెలుసు, ఆ షాపతను వెనకవైపు తెల్లగా ఉన్న కాగితాలన్నీ దొంతర పెట్టుకుని బిల్లులు రాస్తాడు, ఏ బిల్లు వెనక నా మొహం ఎవరింటికి వెళ్ళిందో. కాపీ మీద ఇది ఫలానా పనికి మాత్రమే అని అడ్డంగా రాసి ఇవ్వాలట, లోన్లావిడ చెప్పింది, ఆర్నెల్లకోసారైనా మన ఫైలు మనం తెప్పించుకుని చూసుకోవాలట. ఎవరు చూసుకుంటారు తల్లీ, ఒంట్లో బాగున్నప్పుడు ఎవరు డాక్టరు దగ్గరికెళతారు. పాత ఫోను అమ్మాను, అందులో అన్నీ చెరిపానా. షాపులో పనిచేసి మానేసిన లెక్కల మనిషి, వాడి చూపే అదోరకం. మందుల షాపు ముందు నిలబడ్డవాడు నన్నే చూస్తున్నాడు, వాడి ఫ్రేము ఖరీదైనది, వాడి చెప్పులు కావు. అందరి మొహాలూ అనుమానంగా ఉన్నాయి, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వాళ్ళలో ఎవరైనా ఈ క్షణంలో నేనై ఉండొచ్చు. కాని హెడ్మాస్టరు. సిమ్ కార్డు అమ్మినవాడికి హెడ్మాస్టరు ఎలా తెలుస్తాడు. లెక్కల మనిషికి ఎలా తెలుస్తాడు. ఆ బాతు పోయి ఎన్నేళ్ళయింది, నందివర్ధనం చెట్టు కింద గొయ్యి తీసి పెట్టాం, అక్క చిన్న ఉపన్యాసం ఇచ్చింది, విద్యారంగానికి తీరని లోటు అని, అమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది. ఆ గోతి చుట్టూ నిలబడింది ముగ్గురమే.

అమ్మ ఎవరికైనా చెప్పి ఉంటుంది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, బస్ స్టేషన్లో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకీ మా ఇంటి చరిత్ర మొత్తం చెబుతుంది, బాతుతో సహా. అంతే. ఎవడో విన్నాడు. ఆడమనిషి అన్నాడుగా, ఎవరో ఆవిడ విన్నది. బొంగురు గొంతు ఎవరికైనా వస్తుంది, ఊరంతా దగ్గులే. అక్కకి కూడా పొద్దున్న గొంతు బొంగురే, రాత్రి నుంచీ ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది, నీలాగే మాట్లాడుతున్నా చూడవే అని నన్ను ఏడిపించింది, అమ్మ సెలవు పెట్టమంటే, "నేను వెళ్ళకపోతే బస్సులు ఎవరు పంపుతారమ్మా" అని అన్నం డబ్బా తీసుకుని వెళ్ళింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టకూడదు. ఎడమకన్ను కటకం ఎడమకన్నుకే, కుడిది కుడికే, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఏదీ సరిగా కనపడదు. పైగా అక్క నాకు ఏం తక్కువ చేసింది. షాపు కొనుక్కోవే అని మొదట అన్నది ఎవరు. లోను అపాయింటుమెంటు ఈ రోజుకి ఫోన్ చేసి తీసుకున్నది ఎవరు, నా గొంతుతో. నేను వెళ్ళాల్సింది ఇప్పుడు అక్క దగ్గరికే, నా కాళ్ళకి ఆ సంగతి నాకన్నా ముందే తెలిసినట్టుంది, బ్యాంకు వెనక సందులోంచి స్టేషను వైపే నడుస్తున్నాయి. అక్క ఫోను తీసుకుంటుంది, నేనేనండీ అంటుంది, ఆ కుర్రాణ్ణి రెండు మాటల్లో నవ్విస్తుంది, తాళం పడిపోతుంది. ఎప్పుడూ ఇలాగే అవుతుంది.

స్టేషను గేటు దాటుతుండగానే వినపడింది. "ప్రయాణికులకు గమనిక. మూడో ప్లాట్‌ఫామ్ మీద ఉన్న బస్సు మరికొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది." నిండుగా, నున్నగా, ప్రతి అక్షరం ముడత లేకుండా ఇస్త్రీ చేసినట్టు. చూశావా, అక్క పైనే ఉంది, పనిలో ఉంది, నువ్వెంత పాపిష్టిదానివి, అనుకున్నాను. సామాన్ల మధ్య నుంచి, నిద్రపోతున్న పిల్లల కాళ్ళ మీద నుంచి దాటుకుంటూ మేడమెట్ల వైపు నడిచాను. టిక్కెట్ల వరుసలో ఎవరో తుమ్మారు. పాట సాగుతోంది చెవిలో. మెట్ల సగంలో ఆగిపోయాను. గొంతు అంత తేటగా ఎలా ఉంది. పొద్దున్న డబ్బా ఏదమ్మా అని అడగడానికే గీరుకుపోయిన గొంతు. మళ్ళీ వచ్చింది, "ప్రయాణికులకు గమనిక. మూడో ప్లాట్‌ఫామ్ మీద ఉన్న బస్సు." మూడో అనే ముందు చిన్న ఊపిరి. ఇందాక కూడా అక్కడే ఊపిరి, అంతే పొడవు. ఇంకోసారి కోసం నిలబడ్డాను. అక్కడే. అంతే. బతికున్న మనిషి రెండుసార్లు ఒకేలా ఊపిరి తీసుకోదు.

గుర్తొచ్చింది, కిందటి ఏడాది ఒక వారం. అక్కని ఎవరో ప్రత్యేకంగా అద్దాలగదిలో కూర్చోబెట్టి చదివించారు, అంకెలన్నీ, వేళలన్నీ, ఊళ్ళన్నీ, ఆలస్యమగును, రద్దయినది, దయచేసి గమనించండి. ఆ వారమంతా ఇంటికొచ్చి గొంతు అరిగిపోతుందని మాట్లాడేది కాదు, నాతో సైగలు చేసేది. "ఇద్దరూ మూగనోము పట్టారు, నాకిక గోడలే గతి" అని అమ్మ గొణిగింది. పెద్ద పనికే చదివిస్తున్నారమ్మా అని అక్క కాగితం మీద రాసి చూపిస్తే, అమ్మ ప్రమోషనని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. మేం ఎంత సంబరపడ్డాం. మిగిలిన మెట్లు ఎక్కాను. అనౌన్సరు గది తలుపుకి తాళం ఉంది. దాని మీద దుమ్ముంది. అద్దంలోంచి చూస్తే కుర్చీ బోర్లించి బల్ల మీద పెట్టారు, మైకు లేదు, మూల ఒక నల్లటి పెట్టె, దాని మీద చిన్న పచ్చదీపం. దీపం మెరిసినప్పుడల్లా కింద అక్క మాట్లాడుతోంది.

మెట్లు తుడిచే ఆవిడ బకెట్టు దించి, "ఎవరికోసమమ్మా" అంది.

"అ... అ..."

"అనౌన్సరమ్మా?" అని అందించింది. నేను అనబోయింది అక్క అని. తలూపాను. "ఎక్కడున్నారు, మానిపించేశారుగా. గొంతు మిషన్లో దాచుకుని మనిషిని పంపేశారు. మన కర్మ, నయం, తుడిచే మిషను ఇంకా రాలేదు." తడిగుడ్డ పిండుతూ, నా మొహం చూసి, కొంచెం మెత్తబడి, "కిందే ఉంటారు చూడండి, చివరి ప్లాట్‌ఫామ్ బెంచీ మీద. రోజూ వస్తారు, డబ్బా తెచ్చుకుంటారు. పాపం, ఏ బస్సూ ఎక్కరు" అంది.

రోజూ. అంటే ప్రతి ఉదయం ఇస్త్రీ చీర, ప్రతి సాయంత్రం కాళ్ళు పీకుతున్నాయే అనడం, నెల మొదట్లో అమ్మ చేతిలో పెట్టే జీతం. జీతం. ఎవరి జీతం. నా కాళ్ళు మెట్లు దిగుతున్నాయి కాని నేను దిగడం లేదు, నేను ఇంకా ఆ పచ్చదీపం దగ్గరే ఉన్నాను. కోపం వస్తే బావుండు, కోపం వస్తే నాకు మాటలు తేలిగ్గా వస్తాయి, తిట్లకి నత్తి లేదు. ఏం తిట్టాలో వెతుక్కుంటూ ఆగి ఉన్న బస్సుల మధ్య నుంచి, వేడి ఇంజన్ల పక్క నుంచి నడిచాను. గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయాను, ఐదు దగ్గరపడుతోంది. చివరి బెంచీ మీద అక్క కూర్చుని ఉంది, ఒళ్ళో మూత పెట్టిన డబ్బా, చీరకి ఇంకా ఆ స్టేషను బ్యాడ్జీ, ముక్కు మీద నేను చేసిన కళ్ళజోడు, ఎడమ చెవి మీద ఒక వెంట్రుకవాసి ఎత్తుగా, తీసుకురావే సరిచేస్తా అని వారం నుంచీ అంటున్నాను. పైన లౌడుస్పీకరు మోగింది. ప్రయాణికులకు గమనిక. అక్క పెదాలు దానితోపాటే కదిలాయి, శబ్దం లేకుండా, సరిగ్గా మూడో అనే ముందు చిన్న ఊపిరితో సహా. అది చూశాక నా తిట్లన్నీ ఎటో పోయాయి. అవి ఉంటే బావుండేది.

"ఏంటే, ఇలా వచ్చావు?" అంది అక్క, పొద్దున్న ఉన్న బొంగురు గొంతుతోనే. "బ్యాంకుకి వెళ్ళలేదా? సంతకం..." ఆగింది. నా మొహం చూసింది, నా చెవి దగ్గర ఫోను చూసింది, అనౌన్సరు గది మెట్ల వైపు ఒకసారి చూసింది. ఆ చూపుతో అంతా అయిపోయింది, నేను ఏమీ అడగక్కర్లేకపోయింది. చెవిలో పాట ఆగింది. "హలో, సూపర్‌వైజర్‌ని. సారీ, ఆలస్యమైంది. ఎవరు మాట్లాడుతున్నారండీ? మీ పేరు చెప్పండి." స్పీకరు నొక్కాను, ఎందుకో నాకే తెలీదు. ఆ గొంతు ఇద్దరి మధ్యా పడింది. అక్క చెయ్యి ముందుకు వచ్చింది, దానంతటదే, బళ్ళో చదివే రోజుల నుంచీ వచ్చినట్టే, ఇటివ్వు నేను మాట్లాడతా అన్నట్టు. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నేనేనండీ అంటుంది. అడిగినవన్నీ చెబుతుంది. తాళం పడుతుందో, ఇంకో తలుపే తెరుచుకుంటుందో, ఏదైనా సరే అది నా పేరుతో, అక్క గొంతుతో జరుగుతుంది, నేను పక్కన కూర్చుని తలూపుతాను. ఇవ్వకపోతే నేనే చెప్పాలి, చెబితే రికార్డు అవుతుంది, అక్క పేరు ఏ ఫైల్లోకి వెళుతుందో. గోడకి భుజం ఆనించాను. మొదటి అక్షరం. తోశాను. అవతల ఆవిడ హలో హలో అంటోంది. అక్క పెదాలు నా పేరు మొదటి అక్షరంలోకి తిరిగాయి, నాకు అందించడానికి, ఎప్పటిలాగే. తిరిగి, మూసుకున్నాయి. నా జన్మలో మొదటిసారి అక్క నాకు మాట అందించలేదు. అప్పుడిచ్చాను ఫోను. ఆ మూసుకున్న నోటిని చూసి ఇచ్చాను.

అక్క రెండు చేతులతో పట్టుకుంది దాన్ని, మైకు పట్టుకున్నట్టు.

"నమస్కారమండీ. మీ దగ్గర ఫైలున్న ఆవిడని కాదు నేను. వాళ్ళ అక్కని. కాల్ రికార్డు అవుతోంది కదా, అవనివ్వండి. పొద్దున్న ఫోన్ చేసింది నేనే. మీ దగ్గరున్న గొంతు కూడా నాదే, తనది కాదు, అప్పుడు మంచికే ఇచ్చాం, నమ్మితే నమ్మండి. ఆ నాలుగు అప్పులూ నేనే తీసుకున్నా. ఐదోది కూడా నేనే అడిగా, ముందువి తీర్చి తన ఫైలు శుభ్రం చేద్దామని, తను బ్యాంకుకి వెళ్ళేలోపే. ఒక గుంట పూడ్చడానికి ఇంకో గుంట తవ్వా. మొదటిసారి తీసుకున్నప్పుడు ఒక్క నెలకే అనుకున్నానండీ. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేకపోయా. మా అమ్మ నా గొంతు వినడానికి ఇక్కడికి వస్తుంది, వచ్చి బెంచీ మీద కూర్చుని అందరికీ చెబుతుంది, ఆ పైన మోగేది నేను కాదమ్మా, మిషను అని ఎలా చెప్పను. నా పేరు మీద అడిగితే ఉద్యోగం లేదని ఎవరూ ఇవ్వలేదు. తన పేరు మీద అడిగితే వెంటనే ఇచ్చారు. నాకు కొత్తేం కాదు, చిన్నప్పటి నుంచీ నేనే తను. అడగకుండా తీసుకున్నా అని కూడా అనిపించలేదు మొదట్లో. తర్వాత అనిపించింది. రోజూ అనిపించింది. నా గొంతు వాళ్ళు దాచుకున్నప్పుడు నాకెలా ఉందో, అదే పని నేను మా చెల్లికి చేశానని తెలుసు నాకు. తెలిసే చేశా. పోలీసులకి చెప్పండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా. ముందు మాత్రం తన ఫైలుకి తాళం వేయండి, ఆ నంబరు తనకివ్వండి, ఐదు లోపు బ్యాంకులో ఇవ్వాలి, పక్క సందులోనే, పరుగెత్తితే అందుతుంది. ఇంకోటండీ. ఆ పాత గొంతు తీసేసి తన గొంతు ఎక్కించుకోండి. ఇప్పుడే ఇస్తున్నా ఫోను. తన పేరు తనే చెబుతుంది. కొంచెం సేపు పడుతుంది. మధ్యలో మీరెవరూ అందించకండి."